పళ్ళెంలో పదిహేనేళ్ళు

డిసెంబరు ముప్పై ఒకటో తారీఖు ఉదయం తీతు మాస్టారి ఇంటి ముందున్న మూడు మెట్లు పదమూడు అవుతాయి.

మాస్టారు రెండుసార్లు లెక్కపెడతారు. ఇల్లు పైకి లేవలేదు, వీధి కిందికి దిగలేదు. మెట్లు మాత్రం పదమూడున్నాయి. పాలు పోసే రత్తమ్మ క్యాను పట్టుకుని అన్నీ ఎక్కి వచ్చి గుమ్మం ముందు ఆయాసపడుతుంది.

"ఏంది మాస్టారూ, పండగ పూట మెట్లు పెంచారు? నా మోకాళ్ళు ఏం గావాల?"

"నేను పెంచలేదమ్మా."

"పెంచినోళ్ళెవురో ఆళ్ళకి చెప్పండి మరి," అని పాలు పోసి వెళ్ళిపోతుంది.

మాస్టారు లోపలికి వచ్చి తన హెబ్రీ బైబిలు తీస్తారు. ఆయన ముప్పై ఏళ్ళు బైబిలు ట్రైనింగు స్కూల్లో హెబ్రీ, గ్రీకు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో ఏ వింత జరిగినా ముందు నిఘంటువులో వెతికి, అక్కడ లేకపోతే జరగలేదని తేల్చే అలవాటు ఆయనకుంది. పది మెట్ల సంగతి ఆయనకు బాగానే తెలుసు. యూదా దేశపు రాజొకాయన జబ్బుపడి, గోడవైపు తిరిగి ఏడిస్తే, దేవుడు ఆయన ఆయుష్షుకు పదిహేనేళ్ళు కలిపి, గుర్తుగా మెట్ల మీద నీడను పది మెట్లు వెనక్కి నడిపించాడు. ఆ అధ్యాయం మాస్టారు కొన్ని వందలసార్లు పాఠం చెప్పారు. పదిహేనేళ్ళ కిందటి నుంచి మాత్రం ఆ అధ్యాయం రాగానే పేజీ గబగబా తిప్పేసేవారు.

అది ఎందుకో మనం ముందే చెప్పుకుంటే మంచిది.

వాళ్ళ చర్చిలో ప్రతి జనవరి ఒకటో తారీఖు ఆరాధనలో వాగ్దానపు కార్డుల పళ్ళెం తిప్పుతారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి, అంచున గులాబీ పూలున్న అట్టముక్కలు. ఒక్కోదాని మీద ఒక్కో దేవుని మాట ఉంటుంది. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు తనతో అన్నమాట. మనిషికి ఒకటే. పెళ్ళికాని పిల్లకు పెళ్ళి మాట వస్తే బంధువులంతా మురుస్తారు, యుద్ధం మాట వస్తే తల్లి ఒక పూట అన్నం మానేస్తుంది. ఆ కార్డులు ఏటేటా రాసేది, ఎందరున్నారో లెక్క చూసి సరిగ్గా అన్నే చేసేది, పళ్ళెం మోసేది తీతు మాస్టారే.

క్లాసులో మాత్రం ఆయన వేరే మనిషి. ఏ వాక్యం ముట్టుకున్నా మూడు ప్రశ్నలు అడగాలని బల్ల గుద్దేవారు. ఎవరన్నారు? ఎవరితో అన్నారు? ముందూ వెనకా ఏమన్నారు? "ఎవరితో అన్నారో చూడకుండా వాక్యాన్ని ఇంటికి తెచ్చుకోవడమంటే పక్కింటి ఉత్తరం చించి చదువుకోవడం!" అని అరిచేవారు. సాయంత్రం ఇంటికి వచ్చి కత్తెర తీసుకుని అట్టకు పట్టనంత వాక్యాన్ని ముందూ వెనకా కోసి, నడిమి ముక్క కార్డు మీద రాసేవారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మాస్టారు రచ్చ గెలిచి, ఇంటికొచ్చి కత్తెర పట్టేవారు.

పదిహేనేళ్ళ కిందట ఆయన భార్య యునీకమ్మకు గుండె జబ్బు ముదిరి, గుంటూరు డాక్టరు ఆరు నెలలన్నాడు. ఆ డిసెంబరులో మాస్టారు ఒక కార్డు రాశారు. రాజుతో అన్న మాట, నడిమి ముక్క: నీ ఆయుష్షుకు పదిహేనేళ్ళు కలుపుతున్నాను. దాని మూల కాస్త మడిచారు. పళ్ళెం భార్య ముందుకు తెచ్చినప్పుడు, మడత ఆమె వేళ్ళకే తగిలేటట్టు వంచి పట్టుకున్నారు. ఆమె వేళ్ళు మడత మీద ఆగగానే సిగ్గుతో తానే కళ్ళు మూసుకున్నారు.

యునీకమ్మ ఆరు నెలలు దాటింది. ఏళ్ళు దాటింది. మాస్టారు ఆమెతో ఆ సంగతి ఎత్తలేదు, కార్డు అందులోనే ఉందనుకుని ఆమె బైబిలు తానెన్నడూ తెరిచి చూడలేదు. రేపటికి పదిహేనేళ్ళు నిండుతాయి. వారం రోజులుగా ఆమె మాస్టారికి ఇష్టమైనవన్నీ వరసగా వండుతోంది. నిన్న ఆయన చొక్కాలన్నిటికీ బొత్తాలు గట్టిగా కుట్టింది. వెళ్ళిపోయే మనిషి సర్దుబాట్లు అవి అని ఆయనకు తెలిసిపోతూనే ఉంది.  యునీక లేని ఇంట్లో బతకడం ఆయనకు చేతకాదు.

మెట్ల మీద ఎవరో దగ్గుతారు.

పై నుంచి పదో మెట్టు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. పట్టుబట్ట బాగా నలిగి ఉంది. కాలి పిక్క మీద ఏదో మెత్తని ముద్ద పెట్టి గుడ్డ కట్టుకున్నాడు. అంజూరపు వాసన వస్తోంది.

"తీతు అను ఉపదేశకుని గృహము ఇదియేనా?" అంటాడు. ఆయనకు వచ్చిన తెలుగు అదే, పాత అచ్చులోది.

"ఇదేనండి. తమరు?"

"నాతో పలుకబడిన మాట ఒకటి మీయింట నున్నదని తెలిసి వచ్చితిని. దానిని తిరిగి ఇప్పించవలెను."

మాస్టారు ఆయన్ను గుర్తుపడతారు. ఆ అధ్యాయంలో రాజు పుండుకు కట్టింది అంజూరపు ముద్దే. ఆశ్చర్యపోరు, భయపడతారు. లోపలికి రమ్మని వాలుకుర్చీ చూపిస్తారు. రాజు కుర్చీలో కూర్చోడు, గోడవైపు తిరిగి నేల మీద కూర్చుంటాడు. అలా కూర్చోవడం అలవాటైందని, ఏమీ అనుకోవద్దని చెబుతాడు.

యునీకమ్మ మజ్జిగ గ్లాసు తెస్తుంది. "గోడకేసి తాగితే పొరబోద్దండీ. కాస్త ఇటు తిరగండి," అంటుంది. ఆయన తలమాత్రం తిప్పి తాగుతాడు.

"మా యొద్ద నా అధ్యాయములో ఒక చిల్లు పడినది," అంటాడు రాజు. "ఆ మాట యుండిన చోట ఇప్పుడు గాలి కొట్టుచున్నది. ప్రవక్త వచ్చి నోరు తెరచును. చెప్పవలసినది లేక మరల మూసికొని పోవును. పదిహేనేండ్లుగా నేను చావను లేదు, బాగుపడను లేదు. గోడను చూచుచున్నాను."

"ఆ మాట చాలామంది వాడుకుంటున్నారండి," అంటారు మాస్టారు నసుగుతూ. "క్యాలెండర్ల మీద, ఆటోల అద్దాల మీద..."

"వారు చూచి వ్రాసికొనిరి. మీరు కోసి తెచ్చితిరి."

 మాస్టారి మూడు ప్రశ్నలూ ఆయన ముందే నేల మీద కూర్చుని ఉన్నాయి. ఎవరితో అన్నారు? ఈయనతో. పక్కింటి ఉత్తరం చించింది ఎవరు? ఇంకెవరు. కాని కార్డు ఇచ్చేస్తే యునీకకు ఈ సాయంత్రం కూడా మిగలదేమో. ఇవ్వకపోతే ఈ పెద్దాయన గోడ చూస్తూనే ఉండాలి. ఏ నిఘంటువులోనూ దీనికి అర్థం రాసి ఉండదు. 

"నడిమి ముక్క యొక్కటే ఇచ్చిన అతుకదు," అంటాడు రాజు. "ముందు కోసివేసిన ముక్కయు కావలెను."

మాస్టారు వెనకగదిలోకి వెళ్తారు. ఆ గది పన్నెండు అడుగుల పొడవు. ఈ రోజు దాని చివరి గోడ కనిపించదు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన కోసిపారేసిన వాక్యపు ముక్కలు మోకాళ్ళ లోతున ఉంటాయి. మాస్టారు పంచె ఎగ్గట్టి అందులోకి దిగుతారు.

ముక్కలు గొణుగుతుంటాయి. ఒకటి "డెబ్బై ఏళ్ళు గడిచాక" అంటుంది, ఇంకోటి "మీరు గనుక నా మాట వింటే" అంటుంది. వాటి మిగతా భాగాలు ఎవరెవరి ఇళ్ళలోనో గోడలకు వేలాడుతున్నాయి. ఏది ముందో ఏది వెనకో మాస్టారికి తెలియదు. ఒక ముక్క ఆయన పంచె పట్టుకుని, "మాస్టారూ, నాతో అన్నది దీవెనా, శాపమా? నాకు గుర్తులేదు," అని అడుగుతుంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూస్తారు. ఆయనకూ తెలియదు. "చూసి చెబుతానమ్మా," అని ముందుకు నడుస్తారు. ఇంత సిగ్గు ఆయన జన్మలో పడలేదు.

చాలాదూరం పోయాక కాళ్ళకు తడి తగులుతుంది. వంగి తీస్తారు. మిగతావన్నీ ఎండి పెళుసెక్కిన కాగితాలు, ఇదొక్కటి మాత్రం తడిసి ముద్దగా ఉంది. ఆయన దస్తూరీయే: నీ ప్రార్థన విన్నాను, నీ కన్నీళ్ళు చూశాను. అట్టకు పట్టదని అప్పుడు కోసేసిన ముక్క అది. పిండితే నీళ్ళు కారతాయి, వదిలితే మళ్ళీ ఊరతాయి.

ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని హాల్లోకి వస్తారు. రాజు వేలితో తాకి నాలుకకు రాసుకుంటాడు.

"ఈ కన్నీరు నాది కాదు."

"తమదే అయ్యుండాలి. తమరు ఏడ్చినట్టు రాసి ఉంది."

"నాది ఎండి ఎంతో కాలమైనది. ఇది వేరొకని ఉప్పు."

మాస్టారు ఆ ముక్కను పట్టుకుని భార్య వైపు తిరుగుతారు. ఇక దాచి లాభం లేదు.

"యునీకా," అంటారు, "ఆ ఏడు నువ్వు తీసిన కార్డు దేవుడు ఇచ్చింది కాదు. నేను మడత పెట్టి, పళ్ళెం వంచి నీకు అందించాను. అది ఈయనది. ఈయనకి ఇచ్చెయ్యాలి. నన్ను క్షమించు. ఏదీ, నీ బైబిల్లోంచి తీసుకురా."

ఇన్నేళ్ళ బరువు నోటి వెంట వచ్చేస్తుంది. 

యునీకమ్మ మజ్జిగ గ్లాసు తీసుకుని, చీర చెంగుతో తడి తుడిచి, "నా దాంట్లో యాడుందండీ? మీ దాంట్లోనే గదా పెట్టింది," అంటుంది.

"నా దాంట్లోనా?"

"పెళ్ళినాటి తెలుగు బైబిలు. రేడియో కింద ఎత్తుకి పెట్టారు చూడండి, అందులో. మీరు తెలుగులో చదవరు గదా, యాడికి పోద్దిలే అని పెట్టా."

మాస్టారు రేడియో దించి, దుమ్ము దులిపి, పుస్తకం తెరుస్తారు. కార్డు ఉంది. మూల మడతా అలాగే ఉంది. గులాబీల రంగు కూడా పోలేదు.

"మడత చేతికి తగలంగానే తెలిసింది, మీరు చేశారని," అంటుంది యునీకమ్మ. "ఇన్నేళ్ళు కార్డులు రాశారు, ఒక్క మూలన్నా నలిగిందా? తీసి చదివా. ఇది నాది కాదనుకున్నా. పళ్ళెం మళ్ళీ మన వరస కాడికి తిరిగొచ్చినప్పుడు మీరు చూడకుండా ఇంకోటి తీసుకున్నా. ఆ ఏడు చివరాకర మీకు కార్డు చాల్లేదు, గుర్తుందా?"

ఆయనకు గుర్తుంది. లెక్క ఎక్కడ తప్పిందో తెలియక నెలరోజులు తన్నుకున్నారు.

"మొదటిది మీదేనండీ. అది ఏడ్చినోళ్ళకి గదా ఇచ్చింది? గుంటూరు ఆసుపత్రిలో నేను ఏడవలా. ఇడ్లీలో ఉప్పు లేదని పోట్లాడుతూ కూచున్నా. బయట వరండాలో గోడకేసి తిరిగి, తువాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది మీరు. తలుపు సందులోంచి చూశా. ఈ పెద్దాయన ఏడ్చాడు, ఈయనకిచ్చాడు. మనింట్లో మీరు ఏడ్చారు, మీకిచ్చాడు. ఇందులో అంత చదువేముంది?"

తీతు మాస్టారు రాజు పక్కనే నేల మీద కూర్చుంటారు. ఎవరితో అన్నారు? ముప్పై ఏళ్ళు బల్ల గుద్ది అడిగిన ప్రశ్నకు వంటింట్లోంచి జవాబు వచ్చింది. రేపటికి నిండేది ఆయన పదిహేనేళ్ళు. చేమదుంపల పులుసు, గోంగూర, చొక్కాల బొత్తాలు, వారం రోజుల ఆ వరస అంతా వెళ్ళేవాళ్ళు చేసుకునే సర్దుబాటు కాదు, పంపేవాళ్ళు చేసే సర్దుబాటు. ఒకే క్యాలెండరు కింద ఇద్దరూ కూర్చుని ఒకరినొకరు పోగొట్టుకుంటున్నారు, ఒక్క మాట అనుకోకుండా.

"నాకు చెప్పలేదేం?"

"మీరు చెప్పారా?"

ఆయనకు ముందు సంతోషం వస్తుంది. యునీకకు గడువు లేదు. వెనకే భయం వస్తుంది, గడువు తనది. ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఒకే గుమ్మంలో ఇరుక్కుంటాయి. ఏది ముందు లోపలికి రానివ్వాలో ఆయనకు అర్థం కాదు.

రాజు గోడవైపు తిరిగి ఓపికగా వేచి ఉంటాడు. మాస్టారు లేచి కార్డూ తడిముక్కా ఆయన చేతిలో పెడతారు. పెట్టేటప్పుడు చెయ్యి వెనక్కి లాగుతుంది, ఐనా పెడతారు. "ఇది తమరితో అన్న మాటేనండి. మేము వాడుకున్నాం."

రాజు పిక్క మీది కట్టు విప్పి, కాస్త అంజూరపు ముద్ద తీసి, రెండు ముక్కలకూ మధ్య పూసి నొక్కుతాడు. వాక్యం అతుక్కుంటుంది. తడి మాత్రం దాంట్లోకి ఇంకదు. ముక్క నుంచి జారి, గచ్చు మీద పడి, గుమ్మం దాటి, మెట్ల వైపు పాకుతూ పోతుంది. రాజు మొదటిసారి గోడవైపు నుంచి ఇటు తిరుగుతాడు. ముఖం చాలా మామూలుగా ఉంది, జ్వరం తగ్గిన మనిషి ముఖం.

"అమ్మా, నీవు తీసిన రెండవ దానిలో ఏమున్నది?" అని అడుగుతాడు వెళ్ళబోతూ.

యునీకమ్మ తన బైబిల్లోంచి కార్డు తీసి చూపిస్తుంది. అంచున గులాబీలున్నాయి. మధ్యలో ఏమీ లేదు. నూటపాతిక రాసిన తొందరలో మాస్టారు రాయడం మరిచిపోయిన కార్డు అది.

"ఇంతకాలం దీంతోనా?" అంటారు మాస్టారు.

"ఏం? బాగానే ఉంది గదా. ఇన్నేళ్ళని లేదు."

రాజు దానికి నమస్కారం పెట్టి, పదమూడు మెట్లు దిగి, ఖాళీ పాల క్యానుతో వీధిలో తిరిగొస్తున్న రత్తమ్మకు దారి ఇచ్చి వెళ్ళిపోతాడు.

మధ్యాహ్నం తిరుగుతుంది. తూర్పు ముఖం ఇల్లు కాబట్టి చూరు నీడ మెట్లు దిగడం మొదలుపెడుతుంది. మాస్టారు పదో మెట్టు మీద కూర్చుంటారు. నీడ పదీ దిగితే తన గడువు తీరినట్టేనని ఆయనకు తెలుసు. యునీకమ్మ ఖాళీ కార్డు ఆయన చేతిలో పెట్టి వెళ్తుంది. ఆయన దాన్ని ఎండకు ఎత్తి చూస్తారు. తిరగేస్తారు, మరగేస్తారు. హెబ్రీలా కుడి నుంచి ఎడమకు చదువుతారు. ఎవరన్నారు? ఎవరితో అన్నారు? ముందూ వెనకా ఏమన్నారు? ఏమీ తేలదు. నీడ ఐదో మెట్టు దిగుతుంది. ఏడోది దిగుతుంది. మెట్ల మీద పడ్డ తడి అంతా నీడ పీల్చుకుని బరువెక్కుతోంది.

నీడ తొమ్మిదో మెట్టు దాటి ఆయన వీపుకు చల్లగా తగులుతుంది. ఆయన మెట్ల పక్కనున్న గోడవైపు తిరుగుతారు.

"అటు తిరగబాకండి," అంటుంది యునీకమ్మ వెనక నుంచి. "ఇటు చూడండి. నేనిక్కడున్నా."

ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని మెట్ల మీద వంగుంటుంది. నీడ అంచు రెండు చేతులా పట్టుకుని లాగుతుంది. అది కళ్ళాపి నీళ్ళలో నానిన దుప్పటిలా బరువుగా వస్తుంది. పదో మెట్టు తెల్లబడుతుంది. తొమ్మిదోది తెల్లబడుతుంది. "కూచుని చూస్తారేందండీ, ఆ కొస పట్టుకోండి," అంటుంది. మాస్టారు కార్డు జేబులో పెట్టుకుని, కొత్తగా కుట్టిన బొత్తాం పెట్టుకుని, కొస పట్టుకుంటారు. ఇద్దరూ కలిసి లాగుతారు. ఒక్కో మెట్టూ ఖాళీ అయినప్పుడల్లా వీధి చివర చర్చి గంట ఒక దెబ్బ వెనక్కి మింగుతుంది.

పదీ అయ్యాక నీడను మడతపెట్టి, ఇంట్లోంచి పెరట్లోకి మోసుకుపోతారు. చెరో కొసా పట్టుకుని పిండుతారు. ఉప్పునీళ్ళు కారతాయి. మాస్టారు అవి ఎవరివో ఇప్పుడు ఎరుగుదురు. దాన్ని తీగ మీద పరిచి, యునీకమ్మ నాలుగు క్లిప్పులు పెడుతుంది.

"ఎప్పటికి ఆరుద్దంటావు?" అంటారు మాస్టారు.

"ఆరితే చూద్దాం లెండి."

కింద నేల మీద చుక్కలు పడుతూనే ఉంటాయి. ప్రహరీ గోడకు అవతల సూర్యుడు కిందికి దిగాలో పైకి పోవాలో తెలియక, మోచేతులు గోడ మీద ఆనించి, అది ఆరేదాకా నిలబడి ఉంటాడు.